తిప్పి పంపేది బట్టనా, మనోడి కూలినా?

ముందు మా ఇంటి తప్పు చెప్పుకుంటాను. ఆ తర్వాతే ఊరి సంగతి, కంపెనీల సంగతి. తన వాకిట్లో కసువు వుంచుకుని ఎదుటోడి వాకిలి చూపించే అలవాటు మన శత్రువులది. అది మనకి అంటకూడదు.

సోమశిల డ్యాం దిగువన, అనంతసాగరం మండలంలో మాది చిన్న పల్లె. పోయిన ఏడు మా అన్న కూతురు పెద్దమనిషి అయింది. వున్నంతలో ఫంక్షన్ చేశాం. పిల్లకి లంగా వోణీ కావాలి. ఆత్మకూరు అంగట్లో అడిగితే రెండు వేలకు తక్కువ లేదన్నారు. బెంగుళూరులో పని చేసి వచ్చిన మా అన్న కొడుకు ఫోన్ తీసి 1,100 రూపాయలకు ఒకటి చూపించాడు. "ఈ డబ్బులు కూడా పెట్టే పని లేదు చిన్నాయనా. చీటీ కత్తిరించకుండా వుంటే చాలు. ఏడు రోజుల్లో తిప్పి పంపొచ్చు. తీసుకుపోవడానికి వాళ్ళే ఇంటికొస్తారు. అంతా ఉచితం" అన్నాడు.

చీటీ లోపలికి మడిచి పిన్నీసు పెట్టారు. ఆ బిడ్డ పొద్దంతా వీపు గోక్కుంటానే ఫోటోలకు కూర్చుంది. మూడోరోజు తిప్పి పంపే బొత్తాం నొక్కారు. అందరం నవ్వుకున్నాం. "కంపెనీ సొమ్ము పోతే పోయింది, వాడేమన్నా మన చుట్టమా" అన్నది ఎవరో కాదు, ఈ రాస్తున్నవాడే.

తీసుకుపోవడానికి ఆత్మకూరు నుంచి బండేసుకుని వచ్చిన పిల్లోడు పక్క పల్లె వాడు. మనోడే. డిగ్రీ చదివి పార్సిళ్ళు మోస్తా వున్నాడు. బట్ట విప్పి చూశాడు. వోణీ అంచున పసుపు మరక. "ఇది తీసుకుంటే నా మీద పడుద్ది చిన్నాయనా" అన్నాడు. మేమేమన్నాం? "మనోడివి గదరా, మన కాడ కూడా రూల్సా?" అన్నాం. వాడు తల వంచుకుని సంచిలో వేసుకున్నాడు.

రెండు వారాలు పోయినాక నాట్లలో వాళ్ళమ్మ మా వదినతో అన్న మాట ఇది: "మీ పాప ఫంక్షన్‌కి మావోడు చదివింపులు బాగానే చదివించాడులే వదినా. పదకొండు వందలు."

సెంటర్‌లో ఆ బట్టని వాడినదిగా పక్కన పెట్టారంట. ఆ డబ్బులు పిల్లోడి నెల లెక్కలో కోసుకున్నారంట. వాడు మాతో ఒక్క మాట అనలేదు. కంపెనీ సొమ్ము తిన్నామని మేము నవ్వుకున్న నవ్వు పక్క పల్లె బిడ్డ కూలి మీద నవ్విన నవ్వు. అందుకే ఈ వ్యాసం.

ఉచితం అంటే ఎవరి వీపు మీద?

ఈ దేశంలో ఉచితం అనే మాట వినపడినప్పుడల్లా మన జాతి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవరి వీపు మీద?

మన జిల్లా మద్రాసు రాజధానిలో వున్న రోజుల్లో గ్రామ నౌకర్లలో ఒకడి పేరే వెట్టి. అది మనిషి పేరు కాదు, చేసే పని పేరు. కరణం దప్తరం మోసేది వాడు. పెద్ద అధికారి మకాముకొస్తే సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా నడిచేది వాడు. చావు కబురు మోసేది వాడు. అధికారి లెక్కలో ఆ మోతకి ఖర్చు సున్నా. మోసినవాడి లెక్కలో ఒక పొద్దు కూలి పోయింది, ఇంట్లో ఒక పూట పొయ్యి వెలగలేదు. ఖర్చు లేకుండా ఏ మూటా నడవదు. ఆ ఖర్చు ఎవరి పుస్తకంలోనూ రాయకపోతే దానికి ఉచితం అని పేరు పెడతారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ముసాయిదా రాసిన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పని చేసిన కూలీల కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకున్నా అది ఈ అధికరణం కింద నిర్బంధ చాకిరీయే అని కోర్టు తేల్చింది. కర్ర పట్టుకుని చేయించనక్కర్లేదు. వేరే దారి లేని ఆకలి చేత చేయించినా అది నిర్బంధమే అని ఆ తీర్పు సారం.

ఇప్పుడు ఫోన్‌లో ఆ పచ్చ అక్షరాలు మళ్ళీ చూడండి. 'ఉచిత రిటర్న్'. మా పల్లెకి, ఆత్మకూరికి మధ్య పాతిక కిలోమీటర్ల పైన దూరం. పెట్రోలు పిల్లోడిది. బండి పిల్లోడిది. బండి కంతు పిల్లోడిది. వాడు పని చేసే కాడ పార్సిల్ లెక్కన డబ్బులు. తలుపు తాళం వేసి వుంటే ఆ తిరుగుడికి ఏమీ రాదు. సరుకు తీసుకుని పోయినాక అక్కడ కాదంటే కోత. కంపెనీకి, వాడికి మధ్యన ఒక ఏజెన్సీ వుంటుంది, పాత రోజుల్లో మేస్త్రీ వున్నట్టు. కంపెనీని అడిగితే ఏజెన్సీని అడగమంటుంది. ఏజెన్సీని అడిగితే కంపెనీ రూలు అంటుంది. నెత్తి మీద మూట పోయి వీపు మీద సంచి వచ్చింది. మూట దించినోడికి డబ్బులు ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం అట్లాగే వుండిపోయింది.

కంపెనీ పెట్టింది అంగడి కాదు, సంత

మనం ఒక తప్పు లెక్కలో వున్నాం. ఫోన్‌లో కనపడే సరుకంతా కంపెనీదే అనుకుంటాం. ఎక్కువ భాగం కాదు. కంపెనీ పెట్టింది సంత. సంతలో తట్ట పెట్టుకున్నవాళ్ళు వేరే వున్నారు. సూరత్‌లో చీరలు కుట్టించే చిన్న వ్యాపారి వుంటాడు, ఏదో ఊళ్ళో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టే ఆడమనిషి వుంటుంది. కంపెనీ వాళ్ళ దగ్గర సంత సుంకం వసూలు చేస్తుంది. సరుకు తిరిగి వస్తే ఆ తిరుగు రవాణా ఖర్చు చాలా చోట్ల అమ్మినవాడి మీదే పడుతుంది. కొనేవాడికి ఉచితం అని చెప్పే పెద్దరికం కంపెనీది. బిల్లు కట్టేది తట్ట పెట్టుకున్నవాడు.

ఆ చిన్నవాడు ఎక్కడి నుంచి కడతాడు? ముందే ధరలో కలుపుతాడు. నమ్మకం లేకపోతే యాప్‌లలో ఒకే బట్టకి రెండు ధరలు పెట్టింది చూడండి. ఏ కారణం చేతనైనా తిప్పి పంపొచ్చు అంటే ఒక ధర, సరుకు చెడితేనే తిప్పి పంపాలి అంటే దానికంటే తక్కువ ధర. ఆ రెంటికీ మధ్య వున్న తేడానే మనకి ఉచితంగా ఇస్తా వున్నది. ఎన్నడూ ఒక్క సరుకు తిప్పి పంపని ముసలమ్మ కూడా ఆ తేడా కడతా వుంది.

మన ఉదయగిరినే తీసుకుందాం. దుర్గం కొండ కింద చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలు వున్నాయి. ఆ పనిలో ఆడవాళ్ళు ఎక్కువ. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చెంచాలు ఇప్పుడు ఫోన్‌లో కూడా అమ్ముతారు. ఎక్కడో పట్నంలో ఒకరు గరిటె తెప్పించుకుని, ఇంటికొచ్చిన చుట్టాల ముందు పులుసులో తిప్పి, ఫోటో తీసుకుని, నచ్చలేదు అని వెనక్కి పంపారనుకోండి. పులుసు పీల్చిన చెక్క మళ్ళీ కొత్తది అవుతుందా? దాన్ని చెక్కిన చేతులకి ఆ పొద్దు కూలి ఎవరిస్తారు?

బయటి దేశాల సంగతీ కొంచెం తెలుసుకుందాం. 2021లో బ్రిటన్‌లో ఐటీవీ అనే టీవీ వాళ్ళు డన్‌ఫర్మ్‌లిన్‌లోని అమెజాన్ గోదాము లోపలి సంగతి బయటపెట్టారు. అమ్ముడుపోనివి, తిరిగి వచ్చినవి, చాలా వరకు బాగానే వున్న సరుకుల్ని అక్కడ చెత్తగా లెక్కగట్టి నాశనానికి పంపుతున్నారని చూపించారు. తిరిగొచ్చినదాన్ని విప్పి, చూసి, మడిచి మళ్ళీ అమ్మడం కంటే పారేయడమే చవక అని కంపెనీ లెక్క. ఫ్రాన్స్ 2020లో చట్టం చేసి అమ్ముడుపోని సరుకుల్ని ఇట్లా నాశనం చేయకూడదంది. 2022లో జారా అనే పెద్ద బట్టల కంపెనీ బ్రిటన్‌లో పార్సిల్‌గా తిప్పి పంపే బట్టలకి డబ్బులు వసూలు చేయడం మొదలుపెట్టింది. అంటే అర్థం ఏమిటి? ఉచితం అనేది ఎర. చేప గాలానికి అలవాటు పడేదాకా ఎర వుంటుంది. అలవాటు పడ్డాక ఎర వుండదు, గాలం మాత్రమే వుంటుంది.

అయినా వాపసు మన హక్కే

ఇదంతా చదివి, సరే, ఇక ఏదీ తిప్పి పంపకుండా నోరు మూసుకుందాం అని ఎవరైనా అనుకుంటే వాళ్ళు నా మాట తప్పుగా విన్నట్టు. వాపసు చిన్న హక్కు కాదు. మన జాతికి అది ఎంత పెద్దదో మన ముసలోళ్ళని అడగండి.

మా నాయన చిన్నప్పుడు అంగడి అరుగు కింద నిలబడి సరుకు అడిగేవాడు. డబ్బులు చేతికి ఇస్తే తీసుకోరు. అరుగు మీద పెడితే నీళ్ళు చల్లి తీసుకుంటారు. గుడ్డ విసిరితే ఒడిసి పట్టుకోవాలి. పట్టుకున్నాక అది చినిగినా, పొట్టిదైనా, రంగు పోయినా మనదే. ఎందుకని? మనం తాకిన గుడ్డ ఇంకొకడు కొనడు గనక. అంటరానితనం వున్న అంగట్లో వాపసు అనే మాటకి చోటే లేదు. వాపసు కావాలంటే ముందు తాకే హక్కు కావాలి. మనం తాకినదాన్ని మరొకడు తాకే రోజు రావాలి.

ఈ పొద్దు అరుంధతీవాడలో తొడిగి చూసి సరిపోలేదని పంపిన చొక్కా గోదాముకి పోయి, ఎవరి పేరూ అడగకుండా అగ్రహారానికి పోతా వుంది. అది కంపెనీ దయ కాదు. దాని వెనక పోరాటం వుంది. 15వ అధికరణం అంగళ్ళ తలుపులు మనకి తెరిచింది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం మీద చర్చ జరిగినప్పుడు అంగడి అంటే ఏమిటి అని అడిగారు. బాబాసాహెబ్ దానికి చాలా విశాలమైన అర్థం చెప్పారు. లోపలికి అడుగు పెట్టడం ఒక్కటే కాదు, డబ్బులకు పని చేసిపెట్టే ఎవరి దగ్గరైనా ఆ పని చేయించుకునే హక్కు కూడా అందులో వుందన్నారు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. మనకి సరుకు అమ్మను అనడం నేరమైంది.

ఆ హక్కుని ఇప్పటి చట్టాలు ఇంకా ముందుకి తీసుకుపోయాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెడిపోయిన సరుకుని రసీదులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోను అనడం అక్రమ వ్యాపార పద్ధతి. ఇది ఫోన్‌కే కాదు, ఆత్మకూరు అంగడికీ వర్తిస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అద్దం మీద రాసి పెట్టుకుంటారే, చెడిపోయిన సరుకు విషయంలో ఆ బోర్డు చెల్లదు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు చెడినదైనా, నకిలీదైనా, బొమ్మలో చూపించినట్టు లేకపోయినా, చెప్పిన రోజుకి రాకపోయినా అమ్మినవాడు వాపసు తీసుకోవాల్సిందే.

చినిగిన చీర వచ్చిందా, తిప్పి పంపు. పదో నంబరు చెప్పు అడిగితే ఎనిమిది వచ్చిందా, తిప్పి పంపు. సిగ్గుపడొద్దు, బతిమలాడొద్దు. దొంగ సరుకు పంపినోడు సిగ్గుపడాలి. నేను మాట్లాడేది దాని గురించి కాదు. వేసుకుని, వాడుకుని, పని తీరినాక తిప్పి పంపే దాని గురించి. తీసుకునే ఉద్దేశం లేకుండానే నగదు ఇస్తానని తెప్పించి, పిల్లోడు వాకిట్లోకి వచ్చినాక వద్దు పొమ్మనే దాని గురించి. ఎక్కువ సరుకు వెనక్కి వచ్చే పిన్‌కోడ్‌కి నగదు మీద సరుకు పంపడం ఆపేసే అమ్మకందార్లు వున్నారు. ఒక పిన్‌కోడ్ కింద ఎన్ని పల్లెలు వుంటాయో లెక్కపెట్టండి. బ్యాంకు కార్డు వున్నవాడికి ఇబ్బంది లేదు. చేతిలో నోటు తప్ప ఏమీ లేని మనవాళ్ళకే తలుపు మూసుకుంటుంది. అరుగు కింద నుంచి అరుగు మీదికి రావడానికి మన తాతలకి ఒక జీవితకాలం పట్టింది. మన తెలివితేటలతో మనమే కిందికి దిగొద్దు.

మూడు వాదాలు, మూడు జవాబులు

మన పిల్లకాయల్లో ఒక వాదం వుంది. "కంపెనీ మనల్ని దోచుకుంటోంది. దోచుకునేవాణ్ణి మనం దోచుకుంటే తప్పేంది?" వినడానికి విప్లవంలాగే వుంది. ఒక్క ప్రశ్న వేస్తాను. దెబ్బ ఎవరికి తగిలింది? మా పసుపు మరక బెంగుళూరు ఆఫీసుకి పోలేదు. ఆత్మకూరు సెంటర్ దాటలేదు. పక్క పల్లె పిల్లోడి మీద ఆగిపోయింది. కంపెనీ ఏర్పాటే అట్లాంటిది. లాభం నీళ్ళలాగా పైకి తోడుకుంటుంది, నష్టాన్ని కాలవ చివర పొలానికి వదులుతుంది. కాలవ చివర పొలం ఎవరిదో సోమశిల ఆయకట్టులో బతికే మనకి ఒకరు చెప్పాలా? శత్రువుని కొట్టామని చెప్పి చుట్టాన్ని కొట్టి వచ్చేదాన్ని పోరాటం అనరు.

రెండో వాదం మన వాళ్ళది కాదు. మిద్దెల మీద కూర్చున్నవాళ్ళది. "ఈ పల్లెలోళ్ళకి ఫోన్లు వచ్చినాక నీతి పోయింది. కట్టుకున్న బట్టలు తిప్పి పంపుతారు" అని మూతి విరుస్తారు. అయ్యలారా, మూడు సైజులు తెప్పించుకుని ఒకటి వుంచుకుని రెండు పంపే అలవాటు ఎవరిది? క్రికెట్ పోటీలు అయ్యేదాకా పెద్ద టీవీ పెట్టుకుని తర్వాత వంక చెప్పేది ఎవరు? మీరు చేస్తే అది 'పాలసీ వాడుకోవడం', మేము చేస్తే 'బుద్ధి'. ఇంకో మాట. తరతరాలు మా చేత మూటలు మోయించుకుని కూలి ఇవ్వని ఇళ్ళ నుంచి నీతి పాఠం వినడానికి మేము సిద్ధంగా లేము. మా తప్పు మేము మాట్లాడుకుంటాం, మా పత్రికలో, మా పేరు మీద. మీ లెక్క మీరు తేల్చుకోండి.

మూడో మాట వాదం కాదు, బాధ. మా వదినదే. "మన బిడ్డ ఒక్క పొద్దు మంచి గుడ్డ కట్టుకుంటే తప్పా?" తప్పు కాదు వదినా. ఆ కోరిక ముందు నేను తల వంచుతాను. ఏ గుడ్డ కట్టాలో, మోకాలికి ఎంత పైన కట్టాలో, ఏ నగ పెట్టాలో మన ఆడవాళ్ళకి ఊరి పెత్తందార్లు హుకుం జారీ చేసిన దేశం ఇది. 1927 డిసెంబరులో మహద్ కాడ బాబాసాహెబ్ ఆడవాళ్ళని పిలిచి మరీ మాట్లాడారు. అంటరానివాళ్ళని గుర్తుపట్టేట్టు చేసే కట్టునీ, ఆ నగల్నీ వదిలేయమన్నారు. శుభ్రంగా, గౌరవంగా కట్టుకోమన్నారు. గుడ్డ మనకి ఆత్మగౌరవం సంగతి.

అందుకే అడుగుతున్నా. చీటీ లోపల దాచి, మరక పడుద్దేమోనని బిడ్డని కింద కూర్చోనీయకుండా, పాయసం తిననీయకుండా, పొద్దంతా వీపు గోక్కునేట్టు చేసింది ఏ గౌరవం? అది మన గుడ్డ కాదని ఆ బిడ్డకి ఆ పూటంతా గుర్తు చేస్తానే వున్నాం. అన్న దగ్గర వున్న డబ్బులకు ఆరు వందల లంగా వోణీ వచ్చేది. అది ఆమెదే అయ్యేది. మళ్ళీ పండక్కి కట్టుకునేది.

తిప్పి పంపడం మన తాలూకాకి కొత్త కాదు

ఈ ప్రాంతం ఆడవాళ్ళు ఒకప్పుడు దేశానికే వాపసు అంటే ఏందో చూపించారు. మన ఉదయగిరి పక్కనే కలిగిరి మండలంలో దూబగుంట వుంది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట పలకలు పట్టుకున్న కూలి ఆడవాళ్ళు, వాచకంలో తమ కథ లాంటి కథే చదువుకుని, ఊళ్ళోకి వచ్చే సారాని అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ మంట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అయింది.

వాళ్ళు కూడా తిప్పి పంపారు. ఎట్లా పంపారో చూడండి. పట్టపగలు పంపారు. అందరూ కలిసి పంపారు. తిప్పింది కాంట్రాక్టరు మీదికి, వాడి వెనక వున్న ప్రభుత్వం మీదికి. దెబ్బలు, తిట్లు, కేసులు వస్తే తమ మీదే వేసుకున్నారు. మనం చేసింది? చాటుగా చేశాం. ఒంటరిగా చేశాం. వచ్చే దెబ్బని మనకంటే బలహీనుడి మీదికి తోశాం. బలవంతుడి మీదికి తిప్పితే అది పోరాటం. బలహీనుడి మీదికి తిప్పితే అది పెత్తనం. ఏ పెత్తనం కింద నలిగామో ఆ పెత్తనాన్నే ఒక బొత్తాం నొక్కి మనవాడి మీద చేశాం.

ఏం చేద్దాం

ఒకటి. కట్టిన బట్ట, వాడిన సరుకు తిప్పి పంపం అని ప్రతి పల్లెలో సంఘం తీర్మానం చేయాలి. తీసుకునే ఉద్దేశం లేకుండా తెప్పించం అని కూడా.

రెండు. చెడిన సరుకు వస్తే వదలొద్దు. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. రసీదు దాచండి. వాపసుకి ఒప్పుకోకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయండి. అక్కడా కాకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మనం వుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. కోపం పిల్లోడి మీద చూపించొద్దు. వాడు సరుకు తయారు చేయలేదు.

మూడు. ప్రతి తిరుగు పార్సిల్‌కీ కూలి కావాలి. తాళం వేసిన తలుపు దాకా పోయి వచ్చినదానికీ కూలి కావాలి. తిరిగొచ్చిన సరుకు బాగాలేదని మోసినవాడి డబ్బులు కోయడం ఆగాలి. సరుకు పరీక్ష చేయడం మోసేవాడి పని అయితే దానికీ జీతం ఇవ్వాలి. ఇది మన డిమాండు.

నాలుగు. పార్సిళ్ళు మోసే పిల్లకాయలు సంఘం పెట్టుకోవాలి. ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు, కలిగిరి సెంటర్ల వాళ్ళు ఒకచోట కలవాలి. ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు చేయించుకోండి. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో ఈ కార్మికుల కోసం చట్టాలు చేశాయి. కేంద్రం చేసిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ ఏటి టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల భద్రత నిధికి కట్టాలని అందులో వుంది. అయితే అందులో ఈ పిల్లకాయలకి కనీస వేతనం మాట లేదు. చదివినవాళ్ళు ఆ చట్టాన్ని తెలుగులో చదివి వినిపించండి. చట్టంలో వున్నది వసూలు చేద్దాం, లేనిది రాయించుకుందాం.

అయిదు. పల్లెకి ఒక పెట్టె పెట్టుకుందాం. ఫంక్షన్లకి, పెళ్ళిళ్ళకి కావాల్సిన మంచి బట్టలు నాలుగైదు జతలు, అందరం చందాలేసుకుని కొని, సంఘం కాడ వుంచుదాం. కట్టుకున్నవాళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చి పెట్టాలి. చీటీ దాచే పని లేదు. బిడ్డ కింద కూర్చోవచ్చు, పాయసం తినొచ్చు.

చివరగా మా ఇంటి లెక్క ఏమైందో చెప్పాలి గదా. నాట్ల కాడ ఆ మాట విన్న రాత్రి మా వదిన 1,100 రూపాయలు చీరె కొంగున కట్టుకుని పక్క పల్లెకి పోయింది. నేనూ పోయాను. ఆ పిల్లోడు తీసుకోలేదు. "మీ డబ్బులు నాకెందుకు పెద్దమ్మా. కోసింది మీరు కాదు గదా. కోసినోణ్ణి అడగడానికి నాతో రండి, అది చాలు" అన్నాడు.

మర్నాడు పన్నెండు మందిమి ఆత్మకూరు సెంటర్‌కి పోయాం. నిలబెట్టి అడిగాం. కోసిన డబ్బులు ఇంతవరకు రాలేదు. ఎందుకు కోస్తున్నారో కాగితం మీద రాసి ఇవ్వాలని ఆ పొద్దు గట్టిగా అడిగినందుకు, ఇప్పుడు ఆ సెంటర్‌లో కాగితం ఇస్తా వున్నారు. చిన్న కాగితమే. వెట్టి చేసిన మా తాతకి ఆ కాగితం కూడా ఎవరూ ఇవ్వలేదు. కాగితం వచ్చింది, ఇక లెక్క తేల్చుకోవాలి. రెండోసారి పోయేటప్పుడు పన్నెండు మంది చాలరు. మీ పల్లె నుంచి ఎంతమంది వస్తారో చెప్పండి.

జై భీమ్.